అండమాన్ సముద్రం ఖాళీగా ఉందని ఎవరన్నారు?

అండమాన్ నికోబార్ దీవుల చుట్టూ ఉన్న ప్రత్యేక ఆర్థిక మండలి సుమారు 6 లక్షల చదరపు కిలోమీటర్లు. అక్కడ ఏటా 1.48 లక్షల టన్నుల చేప పట్టవచ్చని, అందులో 60,000 టన్నుల దాకా ట్యూనా జాతులేనని ప్రభుత్వ పత్రాలు చెబుతున్నాయి. పడుతున్నది కొద్ది భాగమే కాబట్టి మిగతాది 'వాడుకోని సంపద' అట. ఈ మాట మీదే 2024 నవంబరులో స్వరాజ్ ద్వీప్‌లో పెట్టుబడిదారుల సదస్సు జరిగింది. 2025-26 కేంద్ర బడ్జెట్ కూడా లోతు సముద్ర వేటలో ఈ దీవులపై ప్రత్యేక దృష్టి పెడతామంది.

చేపల నిల్వల నమూనాలపై పనిచేసే పరిశోధక విద్యార్థిగా నేను చెప్పేది ఒకటే. ఆ అంకె సముద్రం చెప్పింది కాదు. ఏది లెక్కపెట్టాలో, ఎవరిని వదిలెయ్యాలో ముందే తేల్చుకున్న పద్ధతి చెప్పింది.

'ఇంత పట్టినా తరగదు' అనే ఆలోచనకు 1954లో షేఫర్ ఒక గణిత రూపం ఇచ్చాడు. సముద్రం మోయగల గరిష్ఠ నిల్వలో సగం ఉన్నప్పుడు చేపల గుంపు అన్నిటికంటే వేగంగా పెరుగుతుంది. ఏటా ఆ పెరుగుదలనే పట్టుకుంటే నిల్వ తగ్గదు. లెక్క సరైనదే, కానీ సముద్రం మోయగల శక్తి మారదన్న ఊహ మీద అది నిలబడింది. అండమాన్‌లో ఆ ఊహ నిలవదు. 2004 డిసెంబరు 26 భూకంపానికి ఉత్తర అండమాన్‌లో పగడపు దిబ్బలు నీటి పైకి లేచి చచ్చిపోయాయి, నికోబార్‌లో తీరం కుంగిపోయింది. 2010లో నీటి వేడికి పగడాలు తెల్లబడ్డాయి.

ట్యూనా సంగతి చూడండి. అది హిందూ మహాసముద్రమంతా తిరిగే చేప. ఎల్లోఫిన్ ట్యూనాను అతిగా పట్టేశారని హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ 2015లో తేల్చింది. 2024 అంచనాలో అలా లేదంది. ఈలోపు మారింది చేపలు మాత్రమే కాదు, నమూనాలో వేసిన డేటా కూడా. ఆ డేటాలో కీలకమైనది జపాన్, కొరియా, తైవాన్ లాంగ్‌లైన్ ఓడల వేట లెక్క. అంటే సముద్రం తరఫున సాక్ష్యం చెప్పేది పెద్ద ఓడే.

చిన్న పడవ సాక్ష్యం పక్కన పెడితే ఏమవుతుందో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ చూపించింది. కాడ్ చేప తగ్గిపోతోందని ఒడ్డు దగ్గర వేటాడేవాళ్లు 1980ల్లోనే మొత్తుకున్నారు. ట్రాలర్ల లెక్కలను నమ్ముకున్న శాస్త్రవేత్తలు నిల్వ బాగుందన్నారు. 1992లో వేటనే నిషేధించాల్సి వచ్చింది. సుమారు 30,000 మందికి పని పోయింది.

మన దగ్గర దీనికి కులం తోడవుతుంది. వల లాగేవాడికి తెలిసింది 'అనుభవం', గ్రాఫు గీసేవాడికి తెలిసింది 'శాస్త్రం'. కులం శ్రమను మాత్రమే కాదు, శ్రామికులనే మెట్లు మెట్లుగా విడగొడుతుందని బాబాసాహెబ్ 1936లోనే చెప్పారు. జ్ఞానంలోనూ ఆ నిచ్చెనమెట్లే ఉన్నాయి.

పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లిన తెలుగు మత్స్యకారులు బతుకుతున్నారు. ఆంధ్రలో వాడబలిజ, జాలారి కులాలు బీసీ-ఏ. సముద్రం దాటితే ఆ గుర్తింపు వెంట రాదు, దీవుల ఓబీసీ జాబితా వేరు. అండమాన్‌కు ఎస్సీ జాబితాయే లేదు. అందుకే 2011 జనగణనలో అక్కడి ఎస్సీ జనాభా సున్నా. దళితులు లేక కాదు, వాళ్లను రాసుకునే కాలమ్ లేక. ఛోటానాగ్‌పూర్ నుంచి కూలీలుగా తెచ్చిన ఆదివాసులు అక్కడ 'రాంచీలు'గా మిగిలారు, ఎస్టీలుగా కాదు.

నమూనాలోనూ ఇదే జరుగుతుంది. అందులో పడవలు, ఇంజన్లు, గాలాలు ఉంటాయి. పడవ ఎవరిది, కూలీ ఎవరు, గంపెత్తుకుని అమ్మే ఆడవాళ్లు ఎవరు అన్నవి ఉండవు. కాలమ్ లేని మనిషి సున్నా అయినట్టే, మనిషి లేని సముద్రం 'ఖాళీ' అవుతుంది.

పర్యావరణ నమూనాలో కులమేమిటి, శాస్త్రంలోకి రాజకీయం తెస్తారా అని అడిగేవాళ్లున్నారు. ఏ అంకెతో పెట్టుబడిదారుల్ని పిలిచారో ఆ అంకెలో రాజకీయం ముందే ఉంది. 2025 నవంబరులో కేంద్రం తెచ్చిన కొత్త నియమాలు సహకార సంఘాలకు ప్రాధాన్యం అంటున్నాయి. మంచిదే. కానీ ఆ సంఘాల్లో ఎవరున్నారో లెక్క లేకపోతే లబ్ధి ఎవరికి చేరిందో ఎలా తెలుస్తుంది?

నమూనాలు వద్దని నేను అనడం లేదు. మహాడ్‌లో 1927లో అడిగిన ప్రశ్న చెరువులో నీళ్లెన్ని అని కాదు, వాటి మీద హక్కెవరిది అని. అదే ప్రశ్నను ఈ సముద్రం గురించీ అడుగుతున్నాను. 1.48 లక్షల టన్నుల అంచనా వెనకున్న డేటాను, ఊహలను బహిరంగపరచండి. చిన్న పడవల వేట లెక్కను, మత్స్యకారుల సాక్ష్యాన్ని నమూనాలోకి తీసుకోండి. వేట అనుమతులు ఏ సామాజిక వర్గాలకు వెళ్లాయో ఏటా ప్రకటించండి. నికోబారీల సముద్రం గురించి నికోబారీలను అడగకుండా ఏ పరిమితీ ఖరారు చెయ్యకండి. అంతవరకు ఆ అంకెను ఎవరూ శాస్త్రం పేరుతో చలామణి చెయ్యకూడదు.