తోలు వాసనకు తొంభై రెండు మార్కులు

గురుగ్రామ్‌లో ఒక బార్ పై అంతస్తు. శనివారం సాయంత్రం. పొడుగాటి బల్ల మీద ఒక్కొక్కరి ముందు ఐదు చిన్న గ్లాసులు, ఒక కాగితం, ఒక పెన్సిలు. కాగితం మీద గడులు: వాసన, రుచి, మింగాక నోట్లో మిగిలేది, మొత్తం మార్కులు. మార్కులు వందకు. అమెరికన్ విస్కీలు రుచి చూసి మార్కులు వేసే కార్యక్రమం అది. ఐటీ కంపెనీలో పనిచేసే మిత్రుడు టికెట్ కొని మరీ లాక్కెళ్లాడు. ఆ టికెట్ డబ్బుతో నేను హాస్టల్ మెస్సులో చాలా రోజులు తినొచ్చు.

మూడో గ్లాసు దగ్గర, నా ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి కళ్లు మూసుకుని వాసన పీల్చి, "లెదర్! బ్యూటిఫుల్ లెదర్!" అన్నాడు. బల్ల చుట్టూ అందరూ తలలూపారు. తోలు వాసనట. దానికి ఆయన తొంభై రెండు వేశాడు.

నేను మాదిగోణ్ని. మా తాత లంద కాడ బతికిన మనిషి. సున్నం నీళ్లల్లో, తంగేడు చెక్క నీళ్లల్లో తోళ్లు నానబెట్టి, గీకి, ఊరందరికీ చెప్పులు కుట్టి, మోటబావులకు తోలుబొక్కెనలు కుట్టి ఇచ్చినవాడు. ఆ వాసన భరించలేకే మా వాడను ఊరి బయట పెట్టారని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. అబద్ధం. బయట పెట్టింది కులం, వాసన సాకు. మా నాన్న కాలానికే లంద పూడిపోయింది. అయినా బడిలో నా పక్కన కూర్చోనన్న పిల్లలకు నా దగ్గర ఏ వాసన వచ్చిందో!

"ఆయన అన్నది కారు సీటు తోలు, మీ లంద తోలు కాదు లేవోయ్" అని మిత్రుడు తర్వాత సర్దిచెప్పాడు. నిజమే. కానీ లంద లేకుండా కారు సీటు లేదు. పని చేసినవాడి దగ్గర కంపు, అనుభవించేవాడి దగ్గర పరిమళం. నా వాదన ఇదే. రుచి చూసి మార్కులు వేయడమంటే సీసాలో ఉన్నదాన్ని కొలవడం ఒక్కటే కాదు. ఎవరి చేతిని గుర్తుంచుకోవాలో, ఎవరి చేతిని తుడిచేయాలో తేల్చడం కూడా.

సీసా మీద లేని పేరు

బర్బన్‌కు గట్టి చట్టం ఉంది. వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే నిల్వ చేయాలి. పీపాలో పోసేటప్పుడు ఆల్కహాలు 62.5 శాతం దాటకూడదు. బర్బన్ తమ దేశానికే చెందిన ప్రత్యేక ఉత్పత్తి అని 1964లో అమెరికా కాంగ్రెస్ తీర్మానించింది. మనం మెచ్చుకునే వెనిల్లా, పంచదార పాకం వాసనలు చాలావరకు ఆ కాలిన చెక్కలోంచి వచ్చేవే. ధాన్యంలో రై ఎక్కువైతే ఘాటు, గోధుమ కలిస్తే మెత్తదనం. ఇవన్నీ ఆ సాయంత్రం ఓపిగ్గా చెప్పారు. చెట్టు గురించి చెప్పారు, పీపా గురించి చెప్పారు, కెంటకీ ఎండల గురించి చెప్పారు. మనిషి గురించి మాత్రం ఒకే ఒక్క ముక్క, అదీ చివర్లో, కాలక్షేపం కబురులా.

ఆ ముక్క నాథన్ గ్రీన్ గురించి. అందరూ 'నియరెస్ట్' అని పిలిచిన నల్లజాతి బానిస. టెనెసీలోని లించ్‌బర్గ్ దగ్గర డాన్ కాల్ అనే లూథరన్ బోధకుడి పొలంలో విస్కీ బట్టీ నడిపింది ఆయనే. ఆ పొలంలో పనికి కుదిరిన ఒక తెల్ల పిల్లాడికి సారా కాచడం నేర్పింది కూడా ఆయనే. ఆ పిల్లాడి పేరు జాక్ డేనియల్. మేపుల్ చెక్క బొగ్గుల గుండా విస్కీని బొట్టు బొట్టుగా వడగట్టడం టెనెసీ విస్కీకి గుర్తింపు తెచ్చిన పద్ధతి. దాని మూలాలు పశ్చిమ ఆఫ్రికాలో నీళ్లను బొగ్గుతో శుభ్రం చేసే అలవాటులో ఉన్నాయని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. గురువు పేరు ఊళ్లో మిగిలింది, శిష్యుడి పేరు ప్రపంచమంతా సీసాల మీదికెక్కింది. ద్రోణుడు ఏకలవ్యుడి బొటనవేలు అడిగాడని మనం చదువుకున్నాం. ఇక్కడ నేర్పినవాడిదే వేలు తెగింది.

బానిసత్వం రద్దయ్యాక జాక్ డేనియల్ డిస్టిలరీలో గ్రీన్ పనిచేశాడు, ఆయన కొడుకులూ పనిచేశారు. 2016లో ఆ కంపెనీ 150 ఏళ్ల పండుగ చేసుకుంటున్నప్పుడు న్యూయార్క్ టైమ్స్‌లో క్లే రైసన్ రాసిన కథనంతో ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది. ఫాన్ వీవర్ అనే నల్లజాతి రచయిత్రి ఆ ఆధారాలు తవ్వి తీసి, 2017లో 'అంకుల్ నియరెస్ట్' పేరుతో విస్కీనే తెచ్చారు. జాక్ డేనియల్స్ కంపెనీ కూడా ఆయనే తమ మొదటి మాస్టర్ డిస్టిలర్ అని ఒప్పుకుంది.

'అంకుల్' అన్న మాట దగ్గర ఆగుదాం. అమెరికా దక్షిణాదిలో వయసు మీదపడిన నల్లవాళ్లను 'మిస్టర్' అనడం ఇష్టంలేక 'అంకుల్', 'ఆంట్' అని పిలిచేవాళ్లు. వినడానికి ఆప్యాయత, లోపల గౌరవం ఎగ్గొట్టడం. ఇది తెలుగువాడికి విడమరిచి చెప్పాలా? మా తాతకు డెబ్బై ఏళ్లు వచ్చినా దొర కొడుకు "ఒరేయ్" అనే పిలిచాడు. కులం మన భాషలో 'గారు' దగ్గర మొదలై 'గాడు' దగ్గర తేలుతుంది.

గుర్తింపు వచ్చేసింది కదా, ఇంకేంటి బాధ అంటారు. జాక్ డేనియల్స్ మాతృసంస్థ బ్రౌన్-ఫోర్మన్ 2024 ఆగస్టులో తన వైవిధ్య, సమాన అవకాశాల కార్యక్రమాలకు స్వస్తి చెప్పింది. 2025లో అప్పుల వివాదంలో 'అంకుల్ నియరెస్ట్' కంపెనీ మీద కోర్టు రిసీవర్‌ను నియమించింది. మార్కెట్ ఇచ్చిన గుర్తింపు మార్కెట్ దయ మీదే ఉంటుంది. బానిస కథ సీసా అమ్మడానికి పనికొస్తుంది. ఆ బానిస మునిమనవలకు ఉద్యోగం అనేసరికి అది 'రాజకీయం' అయిపోతుంది.

ఉమ్మి గిన్నె

ఆ బల్ల మీద ఇంకో వస్తువుంది. లోహపు గిన్నె. ఐదు గ్లాసులూ మింగితే నాలుక మొద్దుబారుతుంది కాబట్టి, రుచి చూసి అందులో ఉమ్మేయాలి. ప్రతి గ్లాసు తర్వాత ఒక కుర్రాడు వచ్చి గిన్నెలు తీసుకెళ్లి కడిగి తెచ్చాడు. అతని పేరు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, అది నా తప్పు.

పీష్వాల పుణెలో అంటరానివాళ్లు తమ ఉమ్మి నేల మీద పడకుండా మెడకు మట్టికుండ కట్టుకుని తిరగాల్సి వచ్చిందని బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో రాశారు. మా ఉమ్మి మైల. వీళ్ల ఉమ్మి రసజ్ఞత. ఒకరి మెడకు కుండ, ఇంకొకరి ముందు గిన్నె. ఈ రెండింటినీ మోసి కడిగే చెయ్యి ఏ వాడ నుంచి వస్తుందో ఢిల్లీలో పనిచేసే వాళ్లను చూసిన ఎవరికైనా తెలుసు. రెండు గ్లాసుల పద్ధతి టీ హోటళ్లలో చూశాం. ఐదు గ్లాసుల పద్ధతి గురుగ్రామ్‌లో చూశాను.

వాళ్లది అభిరుచి, మనది అలవాటు

2025 ఫిబ్రవరి 13న కేంద్రం బర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది. ప్రధాని ట్రంప్‌ను కలిసిన రోజే ఆ నోటిఫికేషన్. అప్పుడు మిగతా విదేశీ విస్కీలకు 150 అలాగే ఉంచింది. ఒక దేశపు సారా కోసం రాజ్యం ఎంత వేగంగా కదలగలదో చూడండి.

ఇదే రాజ్యం మన సారాతో ఎలా ఉంది? ఇప్పపువ్వు ఏరుకోవడం, అమ్ముకోవడం మీద ఆంక్షలు పెడుతూ బ్రిటిష్ పాలకులు 1892లో బొంబాయి రాష్ట్రంలో ఏకంగా చట్టమే చేశారు. ఆదివాసీ తన అడవిలో రాలిన పువ్వును తాకితే అనుమానితుడు. బ్రిటిష్‌వాడు పోయాడు, అబ్కారీ ఉండిపోయింది. ఓక్ పీపాలో నిల్వ చేస్తే 'క్రాఫ్ట్', ఇంటి వెనక కుండలో కాస్తే కేసు.

కల్లు సంగతి చూడండి. పరుపుతాటి కల్లు, పోద్దాటి కల్లు, పండుతాటి కల్లు, ఈతకల్లు. ఏ చెట్టుది ఎట్లా ఉంటుందో, ఏ కాలంలో ఏది పారుతుందో, పొద్దుగాల దింపిన లొట్టికీ మాపటి లొట్టికీ పులుపు ఎంత మారుతుందో చెప్పగల గౌడన్నలు మా మండలంలోనే పదుల మంది ఉన్నారు. మోకు, ముస్తాదు కట్టుకుని ప్రాణాలకు తెగించి చెట్టెక్కే జ్ఞానం అది. చెట్టు మీంచి పడి ఎందరో చనిపోయాక, 2024 జూలైలో గానీ తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్ష' కిట్లు ఇవ్వడం మొదలుపెట్టలేదు. ఆ జ్ఞానానికి వందకు ఎన్ని మార్కులు? ఏ యూనివర్సిటీలో దాని మీద కోర్సుంది?

కల్లును నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. మా తాత అదే కల్లు తాగడానికి కాంపౌండులో విడిగా, దూరంగా, తాటాకు రేకలో పోయించుకుని కూర్చున్నాడు. ఉత్పత్తి కులాల మధ్య కూడా మెట్లున్నాయి. ఆ మెట్లు దాచి 'మన సంస్కృతి' అంటే అది కూడా ఒక బ్రాండ్ లేబులే.

పుట్టుకతో యాభై మార్కులు

మార్కుల పద్ధతిలోనే ఒక తమాషా ఉంది. వంద మార్కుల స్కేలును వైన్‌కు ప్రచారంలోకి తెచ్చింది అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్. ఆ స్కేలు సున్నా నుంచి మొదలుకాదు, యాభై నుంచి మొదలవుతుంది. సీసాగా పుట్టినందుకే యాభై మార్కులు. రిజర్వేషన్ కటాఫ్ చూసి మెరిట్ చచ్చిపోయిందని ఏడ్చేవాళ్లు ఈ స్కేలును చూసి ఎప్పుడూ ఏడవలేదు. ఎందుకు ఏడుస్తారు? వాళ్ల జీవితమే ఆ స్కేలు.

ఇంకొకటి, బ్లైండ్ టేస్టింగ్. పేరు తెలిస్తే నాలుక పక్షపాతం చూపుతుందని సీసాకు ముసుగు వేసి మార్కులు వేస్తారు. మంచి పద్ధతే. మరి యూనివర్సిటీ వైవాలో? ఇంటిపేరు, యాస, రంగు, కేటగిరీ అన్నీ కళ్ల ముందే. జేఎన్‌యూ ప్రవేశాల్లో రాత పరీక్షకూ వైవాకూ మధ్య మార్కుల తేడా సామాజిక వర్గాన్ని బట్టి ఒకే తీరుగా ఉందని 2016లో అబ్దుల్ నఫే కమిటీ తేల్చింది. వైవా మార్కులను 30 నుంచి 15కు తగ్గించాలని సూచించింది. విస్కీకి అన్యాయం జరగకూడదని ముసుగు కనిపెట్టిన మేధావులు దళిత విద్యార్థికి జరిగే అన్యాయం దగ్గరికి వచ్చేసరికి ఇంకా రుజువులు అడుగుతున్నారు.

మరి తాగమంటావా, వద్దంటావా?

మా చిన్నాయన గుడుంబా తాగి నలభై దాటకుండానే పోయాడు. మా చిన్నమ్మ ముగ్గురు పిల్లల్ని కూలికి పోయి సాకింది. కాబట్టి 'మన సారా మన హక్కు' అని నినాదం రాసి చేతులు దులుపుకోలేను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె వెంట నడిచిన పేద ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వాళ్లు కదిలించిన ఫలితమే. 1997లో దాన్ని ఎత్తేసింది మాత్రం వాళ్లు కాదు. పేదవాడి సారా పోయింది, సర్కారు మద్యం తిరిగొచ్చింది.

బాబాసాహెబ్ దగ్గర దీనికి తేలిక జవాబు దొరకదు. 1951లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ఎన్నికల ప్రణాళికలో మద్యనిషేధాన్ని వ్యతిరేకించారు, ఆ రాబడిని దేశం వదులుకోకూడదన్నారు. 1956లో నాగ్‌పూర్‌లో ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్నది ఒకటి. ఇందులో వైరుధ్యం వెతికేవాళ్లు వెతుక్కోనీ. నాకు అర్థమైంది ఇది: మన ఒళ్లు మనం కాపాడుకోవాలి, కానీ పోలీసు లాఠీ చేతికిచ్చి మనల్ని బాగుచేయమని రాజ్యాన్ని అడగకూడదు. ఆ లాఠీ గురుగ్రామ్ పై అంతస్తుకు ఎక్కదు. మన వాడలోకే దిగుతుంది.

"అయితే బహుజనులు మంచి విస్కీ తాగకూడదా?" అని నా మిత్రుడు అడిగాడు. అతనూ మనవాడే, బీసీ. తాగాలనుకుంటే తాగు అన్నా. ఆ బల్ల దగ్గర మనం కూర్చోవడం తప్పు కాదు. కూర్చున్నాక లంద మర్చిపోవడం, గిన్నె కడిగే కుర్రాణ్ని చూడకపోవడం, మన ఇంటి తాగుడును 'తాగుబోతుతనం' అనీ పక్కోడి తాగుడును 'అభిరుచి' అనీ వాళ్ల నోటితో మాట్లాడటం తప్పు.

1946లో బాబాసాహెబ్ డబ్ల్యూ.ఈ.బీ. డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. అమెరికా నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న వినతిపత్రం గురించి వివరాలు అడిగారు, వాళ్ల స్థితికీ మన స్థితికీ ఉన్న పోలికను గుర్తుచేశారు. ఆ ఉత్తరాన్ని సెమినార్లలో ఎన్నోసార్లు ఉదహరిస్తాం. నియరెస్ట్ గ్రీన్‌నూ, మోకు మీద వేలాడే గౌడన్ననూ, లంద కాడి మా తాతనూ ఒకే పేజీలో రాయడానికి మనకింకా సిగ్గు. ఆహారం మీద, మద్యం మీద పరిశోధన చేస్తున్న మిత్రులు ఈ పని చేయాలి. రుచుల చిట్టా కాదు, చేతుల చిట్టా రాయాలి: ఎవరు కాచారు, ఎవరు నేర్పారు, ఎవరి పేరు అచ్చయింది, ఎవరి మీద కేసు పడింది.

ఆ రోజు ఐదో గ్లాసు అయ్యాక కాగితాలు వెనక్కి తీసుకున్నారు. మార్కుల గడులన్నీ ఖాళీగా వదిలేసి, కింద మా తాత పేరు రాసి ఇచ్చాను. నిర్వాహకురాలు చూసి, "ఇది ఏ బ్రాండ్ సర్?" అని అడిగింది.

జై భీమ్.