నొక్కినవాడిదేనా నేరం?

పెళ్లిళ్ల కాలంలో శుభలేఖ, దుక్కుల కాలంలో పీఎం కిసాన్ కేవైసీ, ఏడాది పొడవునా ట్రాఫిక్ చలానా. వాట్సాప్‌లో తిరిగే దొంగ ఫైళ్లు అదను చూసి పేరు మార్చుకుంటాయి. పేరేదైనా తోక మాత్రం ‘డాట్ ఏపీకే’. అది ఫొటో కాదు, ఉత్తరం కాదు. నొక్కితే ఫోన్లోకి దిగి కూర్చునే యాప్. ముక్కూమొహం తెలియని నంబరు నుంచి వస్తే చాలామంది నొక్కరు. కానీ అది బావమరిది నంబరు నుంచి వస్తుంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో సంఘం కార్యదర్శి పేరుతో వస్తుంది. పదో తరగతి పూర్వ విద్యార్థుల గ్రూపులో వస్తుంది. ఆ తర్వాత ఖాతా ఖాళీ. పోలీస్ స్టేషన్‌కు వెళ్లినా, బ్యాంకుకు వెళ్లినా, చివరికి ఇంటికొచ్చినా ఎదురయ్యేది ఒకటే ప్రశ్న: ‘ఎందుకు నొక్కావు?’

ఈ ప్రశ్నే మన సైబర్ భద్రతా విధానమైపోయింది. పోస్టర్లు, కాలర్ ట్యూన్లు, అవగాహన సదస్సులు అన్నీ దీని చుట్టూ తిరిగేవే. ‘తెలియనివాళ్లు పంపినవి తెరవొద్దు’ అన్న సలహాలో తప్పేమీ లేదు. పంపింది తెలిసినవాళ్లయినప్పుడు అది అక్కరకు రాదు, అంతే. కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఒక్కసారి నొక్కినంత మాత్రాన జీవితకాలపు పొదుపు పోయేలా ఈ ఏర్పాటునంతా ఎవరు కట్టారు?

అసలు లోపల జరిగేదేమిటో చూద్దాం. ఫైలు నొక్కగానే యాప్ దిగుతుంది. ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి ఇమ్మంటుంది. ‘అలౌ’ అన్నాక తెర మీద దాని గుర్తు మాయమవుతుంది. ఏమీ దిగలేదనుకుని ఫోన్ యజమాని మర్చిపోతాడు. ఆ క్షణం నుంచి అతనికొచ్చే ప్రతి ఎస్సెమ్మెస్ నకలు ఇంకెక్కడికో పోతుంటుంది. కొన్ని యాప్‌లు బ్యాంకు పేజీలాంటిది చూపించి కార్డు నంబరు, పిన్, ఆధార్, పాన్ కూడా రాయించుకుంటాయి. ఓటీపీ ఎలాగూ వాళ్లకే ముందు అందుతుంది. బ్యాంకు పని అయ్యాక వాట్సాప్ వంతు. వాట్సాప్‌ను మరో ఫోన్లో తెరవడానికి కావలసిన కోడ్ కూడా ఎస్సెమ్మెస్‌లోనే వస్తుంది కదా. దాంతో బాధితుడి వాట్సాప్‌ దొంగల ఫోన్లో తెరుచుకుంటుంది, అతని గ్రూపులన్నిటికీ అదే ఫైలు వెళ్తుంది. బావమరిది నంబరు నుంచి వచ్చిందంటే కారణం ఇదే.

2025 ఫిబ్రవరిలో జింపీరియం అనే భద్రతా సంస్థ మన దేశంలోని బ్యాంకు ఖాతాదారుల మీద గురిపెట్టిన ఇలాంటి ఒక ముఠా గుట్టు బయటపెట్టింది. దాదాపు 900 నమూనాల దొంగ యాప్‌లు, దొంగిలించిన ఎస్సెమ్మెస్‌లను అందుకోవడానికి సుమారు 1,000 ఫోన్ నంబర్లు. అంతకంటే ఆశ్చర్యపరిచేది ఇంకొకటి: దాదాపు 50,000 మంది నుంచి కాజేసిన వివరాలను దొంగలు ఏ తాళమూ లేకుండా ఇంటర్నెట్‌లో వదిలేశారు. దోచినవాళ్లకే కాదు, వెతికినవాళ్లెవరికైనా దొరికేలా.

ఇందులో మహా మేధస్సేమీ లేదు. ఈ దొంగతనం మొత్తం ఒకే ఊహ మీద నిలబడి ఉంది: ఎస్సెమ్మెస్ ఎవరి దగ్గరుంటే వాళ్లే ఖాతాదారు. ఇంటర్నెట్‌లో కార్డుతో చెల్లింపులకు రెండో ధ్రువీకరణ తప్పనిసరి అని రిజర్వు బ్యాంకు చెప్పిన నిబంధన 2009 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పట్లో అది మంచి ఆలోచనే. కొనుగోలు కంప్యూటర్‌లో, ఓటీపీ జేబులోని ఫోన్లో. రెండూ దొంగకు ఒకేసారి చిక్కడం కష్టం. ఇప్పుడు బ్యాంకు యాప్, యూపీఐ, ఓటీపీ, మెయిలు అన్నీ ఆ ఫోన్లోనే. రెండు తాళాలు వేసి, రెండు తాళంచెవులూ ఒకే గుత్తికి తగిలించినట్టుంది. దేశమంతా ఇలా మారిపోయాక కూడా బ్యాంకులు ఏళ్ల తరబడి దానినే భద్రత అంటూ వచ్చాయి.

ఎస్సెమ్మెస్ ఒక్కటే కాదు. చూపులేనివాళ్ల కోసం ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ అనే సదుపాయం ఉంది. తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంది, వారి తరఫున బటన్లు నొక్కుతుంది. ఎందరికో ప్రాణప్రదమైన ఏర్పాటు అది. ఆ అనుమతి దొంగ యాప్ చేతికి చిక్కితే ఇక అడగడమే ఉండదు. కావలసిన అనుమతులన్నీ తానే ఇచ్చుకుంటుంది. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13లో గూగుల్ దీనికి కొంత అడ్డుకట్ట వేసింది. దొంగలు దానికీ దారి వెతికారు. మొదట అమాయకమైన యాప్ ఒకటి దిగుతుంది, ‘అప్‌డేట్ కావాలి’ అంటుంది, అసలుదాన్ని అది దించుతుంది.

అవగాహన ఎంతవరకు పనిచేస్తుందో, నిబంధన ఎంతవరకు పనిచేస్తుందో తేల్చుకోవడానికి తెలుగువాళ్లకు దూరం వెళ్లే పనిలేదు. 2020 చివర్లో అప్పుల యాప్‌ల ఆగడాలు గుర్తున్నాయి కదా. మూడు వేలో ఐదు వేలో ఇచ్చి, ఫోన్లోని కాంటాక్టులన్నీ లాక్కుని, బంధువులకు ఫోన్లు చేసి తిట్టి, మార్చిన ఫొటోలు పంపి మనుషుల్ని ప్రాణాలు తీసుకునేదాకా తరిమారు. తెలంగాణ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు, అరెస్టులు చేశారు. ‘అలాంటి అప్పులు చేయొద్దు’ అని అందరూ చెప్పారు. అవసరంలో ఉన్నవాడికి ఆ మాట ఎక్కదు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పు ఇచ్చే యాప్ కాంటాక్టులను, ఫైళ్లను, కాల్ వివరాలను ముట్టకూడదని చెప్పింది. 2023లో గూగుల్ తన ప్లే స్టోర్‌లో అప్పుల యాప్‌లకు కాంటాక్టులు, ఫొటోలు చూసే అనుమతిని నిషేధించింది. పీడ పూర్తిగా వదిలిందని అనను; స్టోర్ బయట ఏపీకేలుగా తిరిగేవాటికి ఈ నిబంధన అందదు. కానీ బెదిరింపుకు ఆయుధమైన అనుమతినే తీసేస్తే ఏమవుతుందో అప్పుడు అర్థమైంది. సదస్సులు చేయలేని పని అది.

ఎస్సెమ్మెస్ విషయంలోనూ గూగుల్ 2019లోనే ప్లే స్టోర్ యాప్‌లను కట్టడి చేసింది. దొంగలు స్టోర్ బయటికి, వాట్సాప్‌లోకి మళ్లడానికి అదీ ఒక కారణమే. బ్రౌజరు నుంచో, మెసేజి యాప్ నుంచో దిగి, ఎస్సెమ్మెస్, నోటిఫికేషన్, యాక్సెసిబిలిటీ అనుమతులు అడిగే యాప్‌ను ఫోనే ఆపేసే ఏర్పాటును గూగుల్ సింగపూర్‌లో 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టి, అదే ఏడాది అక్టోబరులో మన దేశానికీ ప్రకటించింది. యాప్ తయారుచేసినవాళ్లు ఎవరో ధ్రువపరచుకోనిదే ఫోన్లో దిగనివ్వబోమని కూడా 2025 ఆగస్టులో చెప్పింది.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, దాచడం దేనికి? ఇదే గూగుల్‌కు ఆండ్రాయిడ్ మార్కెట్లో పెత్తనం చేస్తోందని మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో రూ. 1,337.76 కోట్ల జరిమానా వేసింది. ద్వారపాలకుడికి ఇంకో తాళం ఇచ్చి ‘భద్రంగా చూడు’ అనడం అంత సంతోషించాల్సిన సంగతి కాదు. ఆ ప్లే స్టోర్ కూడా పరిశుద్ధమేమీ కాదు. జోకర్ అనే దొంగ సాఫ్ట్‌వేర్ 2017 నుంచి వేషాలు మారుస్తూ దాంట్లోకి చొరబడుతూనే ఉంది. పోనీ ప్రభుత్వమే కాపలా కాయాలా అంటే, సంచార్ సాథీ అనే తన యాప్‌ను ప్రతి కొత్త ఫోన్లో ముందే వేయాలని 2025 నవంబరులో ఆదేశించి, విమర్శలు రాగానే కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుంది. నిఘా భయం అంత తేలికైనది కాదు. నా ఉద్దేశం ఇది: బయటి యాప్ దించుకునే హక్కు ఉండాల్సిందే. కానీ నిన్న దిగిన, ఎవరిదో తెలియని యాప్‌కు ఎస్సెమ్మెస్‌లన్నీ చదివే హక్కు ఒక్క నొక్కుతో దొరకకూడదు. ఒక రోజు ఆగాలన్న నిబంధన పెట్టినా చాలు. దొంగ బలమంతా తొందరలోనే ఉంది.

మరో వైపు, ‘వాట్సాప్‌లో ఫైళ్లు ముట్టుకోవద్దు’ అనే రోజులూ పోయాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ను 161 సేవలతో వాట్సాప్‌లోనే మొదలుపెట్టింది. మంచి పనే, ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గుతుంది. అయితే ధ్రువపత్రం వాట్సాప్‌లోనే వస్తుందని అలవాటైన రైతుకు, పీడీఎఫ్‌కూ ఏపీకేకూ తేడా చూసుకోమని చెప్పి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ఆ తేడా చూడాల్సింది వాట్సాప్. మామూలు గ్రూపుల్లో ఏపీకే ఫైళ్లు పంపుకోవాల్సిన అవసరం ఎంతమందికి ఉంటుంది? అడ్డుకోవడానికి ఇంత వెనకాడటం ఎందుకో బోధపడదు.

ఫోన్ల వయసు ఇంకో సంగతి. పిల్లలు కొత్తది కొనుక్కుని పాతది నాన్నకిస్తారు. ఆ పాతదానికి అప్‌డేట్లు ఆగిపోయి ఎన్నాళ్లయిందో ఎవరూ చూడరు. ఆండ్రాయిడ్ 13 తెచ్చిన అడ్డుకట్ట అందులో లేనే లేదు. అంటే ఇంట్లో అందరికంటే ఎక్కువ రక్షణ కావలసిన మనిషి చేతిలో అన్నిటికంటే తక్కువ రక్షణ ఉన్న ఫోను. అప్‌డేట్లు ఎంతకాలం ఇస్తారో అమ్మేటప్పుడే చెప్పాలని బ్రిటన్ 2024 ఏప్రిల్ నుంచి చట్టం అమలు చేస్తోంది. అమ్మకాలు ఆపాక కూడా కనీసం ఐదేళ్లు ఇవ్వాలని యూరోపియన్ యూనియన్ 2025 జూన్ నుంచి అంటోంది. మన దుకాణాల్లో కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అన్నది పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉంటుంది. అప్‌డేట్లు ఆగే తేదీ కోసం వెతికి చూడండి.

ఇక బ్యాంకులు. సింగపూర్‌లో ఓసీబీసీ బ్యాంకు 2023 ఆగస్టు నుంచి, బయటి నుంచి దిగిన ప్రమాదకర యాప్ ఫోన్లో ఉంటే తన యాప్ తెరుచుకోకుండా చేసింది. ఖాతాదారులు విసుక్కున్నారు, అయినా బ్యాంకు వెనక్కి తగ్గలేదు. బ్రిటన్‌లో 2024 అక్టోబరు నుంచి, మాయమాటలు నమ్మి డబ్బు పంపినవాళ్లకు 85,000 పౌండ్ల దాకా తిరిగివ్వాలి. పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం భరించాలి. దొంగకు ఖాతా తెరిచిన బ్యాంకుకు కూడా నష్టం తగలడం అందులో కీలకం. మన రిజర్వు బ్యాంకు కూడా ఎస్సెమ్మెస్ ఓటీపీయే కాక ఇతర పద్ధతులనూ ప్రోత్సహిస్తూ 2025 సెప్టెంబరులో ఆదేశాలిచ్చి, 2026 ఏప్రిల్ 1ని గడువుగా పెట్టింది. వాటిని పాటించకుండా జరిపిన చెల్లింపులో నష్టం వస్తే మొత్తం బ్యాంకే ఇవ్వాలి.

ఈలోగా ఎవరైనా నొక్కేస్తే: ముందు ఫోన్లో ఇంటర్నెట్, సిమ్ రెండూ ఆపేలా ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. ముఖ్యమైనవి దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. ఆ తర్వాత, కాల్స్ మళ్లింపు పెట్టారేమోనని ##002# డయల్ చేయండి. వాట్సాప్‌లో రెండంచెల ధ్రువీకరణ పిన్ పెట్టుకోవడం మాత్రం ఈరోజే చేయవచ్చు. ఎస్సెమ్మెస్ చిక్కినా ఆ పిన్ లేకుండా ఖాతా వెంటనే చిక్కదు.

తర్వాత బ్యాంకు ‘మీ నిర్లక్ష్యమే’ అని ఒక్క వాక్యం రాసిస్తే తలదించుకుని రాకండి. 2017 జులై నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం తప్పు ఖాతాదారుదని నిరూపించాల్సిన భారం బ్యాంకుదే. లోపం మరెక్కడో ఉండి, మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే మీకు నష్టం ఉండకూడదు. ఒకవేళ మీ తప్పే అనుకున్నా, ఫిర్యాదు చేసిన తర్వాత పోయిన ప్రతి రూపాయీ బ్యాంకుదే. అందుకే ఫిర్యాదు అందిన తేదీ, సమయం రాయించుకోండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి; దానికి రుసుము లేదు, వివరాలకు 14448కి ఫోన్ చేయవచ్చు.