గేటు మూసేలోగా అనే తొందర వద్దు

బెంగళూరు, హోసూరు వైపు మన బడుల నుంచి మైసూరు మీదుగా ఊటీ విహారయాత్రకు వెళ్లే బస్సులు బందీపూర్ అడవిని దాటాలి. అక్కడ రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలపై నిషేధం 2009లో మొదలైంది. మూగజీవాలకు అది మేలే. కానీ గేటు మూసేలోగా దాటాలని తిరుగు ప్రయాణంలో బస్సును ఉరికిస్తేనే ముప్పు. జింకలు రోడ్డు పక్కకు మేతకొచ్చేది మునిమాపు వేళే. ఒకటి దాటిందంటే వెనుక మంద ఉందనుకోవాలి. హెడ్‌లైట్ల వెలుగుకు జింక బెదిరి కదలక నిలబడిపోతుంది. లైట్లు దించి, నెమ్మదిగా బ్రేకు వేయాలి. స్టీరింగు ఒక్కసారిగా తిప్పితే బస్సు చెట్టునో ఎదుటి బండినో ఢీకొంటుంది. ఉపాధ్యాయులారా, ఊటీ నుంచి మధ్యాహ్నమే బయలుదేరండి. డ్రైవరుకు తొందర లేకుండా చూడటం మన పనే.