యాప్ విన్నది, మీరు విన్నారా?

ఈ వారం కొంచెం కోపంగా రాస్తున్నాను. తెలుగులో తప్పులుంటే క్షమించండి. కోపం మాత్రం తప్పు కాదు.

నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను. అరవై దాటాక తెలుగు రాయడం నేర్చుకున్నాను. కాకి, పిచ్చుక, గోరింక తప్ప మిగతావన్నీ నాకు "పిట్ట"లే! హ్యూస్టన్‌లో మా గుడికి శనివారం పొద్దున్నే సేవకి వెళ్తాను. ప్రసాదం వంట మొదలయ్యే ముందు పార్కింగ్‌లో నిలబడి పక్షుల్ని లెక్కపెట్టి ఈబర్డ్‌కి పంపుతాను. కార్నెల్ పక్షిశాస్త్ర ల్యాబ్, ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టిన ఈ లెక్క మనలాంటి మామూలు వాళ్ళ మీదే నడుస్తుంది.

ఇక కోపం సంగతి. మన స్నేహితులు కొందరు మెర్లిన్ యాప్ ఆన్ చేసి, ఫోన్ బల్ల మీద పెట్టి, కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటారు. యాప్ పన్నెండు పేర్లు చూపిస్తుంది. పన్నెండూ లిస్టులోకి ఎక్కించేస్తారు. ఒక్క పక్షినీ చూడలేదు, చెవిపెట్టి విననూ లేదు. ఇది చదవకుండా సంతకం పెట్టడం లాంటిది.

నేనూ ఆ పని చేశాను. పోయిన జూన్‌లో యాప్ "కెస్ట్రెల్" అంది, రాసేశాను. ఎండాకాలంలో ఆ చిన్న డేగ మా వైపు అరుదు. లిస్టులు సరిచూసే వాలంటీరు ఒకరు మర్యాదగా అడిగారు: "మీరు చూశారా?" సిగ్గేసింది. రికార్డింగ్ మళ్ళీ విన్నాను. అది మాకింగ్‌బర్డ్! వేరే పక్షుల గొంతుల్ని ఒకదాని తర్వాత ఒకటి అనుకరిస్తుంది. ("అనుకరించు" నాకు ఈ వారం కొత్త మాట.) మా గుడి లైటు స్తంభం మీద రోజూ కూర్చునే పక్షి అదే.

"ఒక్క తప్పుతో ఏమవుతుంది ఆంటీ?" అని గుడిలో పిల్లలు అడుగుతారు. ఒక్కటే అయితే పరవాలేదు. అందరూ అలాగే రాస్తే? 1970 నుంచి ఉత్తర అమెరికాలో దాదాపు 300 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో శాస్త్రవేత్తలు చెప్పారు. దానికి పెద్ద ఆధారం వాలంటీర్లు ఏళ్ళ తరబడి చేసిన లెక్కలే. లేని పక్షిని ఉందని రాస్తే, పోతున్న పక్షి పోతున్నట్టు ఎవరికీ తెలియదు.

"యాప్ లేకపోతే కొత్తవాళ్ళు ఎలా నేర్చుకుంటారు?" అంటారు. నిజమే, వాడండి. నేనూ వాడతాను. యాప్ అటు చూడమని చెబుతుంది. తల తిప్పి చూడాల్సింది మనం. అర్థం తెలియకుండా ఫోన్ ఇచ్చిన తెలుగు మాటని పెద్దత్తయ్యకి మెసేజ్ పెడితే ఏమవుతుందో మనందరికీ తెలుసు కదా!

కాబట్టి నా మాట వినండి. చూసినవి, మీరే గుర్తుపట్టినవి రాయండి. కాకుల్నీ పావురాల్నీ వదలకండి, అవీ లెక్కే. అనుమానం ఉంటే రికార్డింగ్ జత చేయండి, తెలిసినవాళ్ళు తర్వాత విని చెబుతారు. అప్పటికీ తెలియకపోతే "ఏదో డేగ" అని రాసే వీలు కూడా ఈబర్డ్‌లో ఉంది.

మొన్న శనివారం నా లిస్టులో ఐదు పేర్లే ఉన్నాయి. ఆరోది "ఏదో పిచ్చుక". పన్నెండు కాదు. కానీ ఆ ఆరూ నిజం.