మాస్కు తీయవలసిన చోటు

ఈ నెల మేము పంటి నొప్పిని గూర్చి వ్రాయదలచాము. ఇదేమి సంగతి అని మీరు నవ్వుకొనవచ్చును. చిన్న సంగతే అని ఊరుకొన్నందువలన మా సంఘంలో ఒక కుటుంబం పెద్ద కష్టంలో పడింది. అందులో మా తప్పు కూడా ఉన్నది గనుక వ్రాయుచున్నాము.

అది 2020 జూలై నెల. మార్చి 25న మూతబడిన దేశం కొద్దికొద్దిగా తెరుచుకుంటున్నది. మే 21 నుండి ఆర్టీసీ బస్సులు తక్కువమందితో తిరుగుతున్నవి. జూన్ 8 తరువాత మందిరాలు తెరుచుకొనవచ్చునని అనుమతి వచ్చింది. అయితే మన గోదావరి జిల్లాలలో రోగం అప్పుడే ఎక్కువ కాసాగింది. ఆ రోజులలోనే మాకు క్రింది దవడ పన్ను ఒకటి సలపడం మొదలుపెట్టింది.

ధైర్యమును గూర్చి ప్రసంగించడం మాకు వారం వారం ఉన్న పనే. అయినా దంత వైద్యుని దగ్గరకు వెళ్ళుటకు ధైర్యం చాలలేదు. లవంగం కొరికాము, ఉప్పునీళ్ళు పుక్కిలించాము, మందుల షాపు నుండి నొప్పి బిళ్ళలు తెప్పించుకొన్నాము. “ఏమండీ, భీమవరం వెళ్ళి చూపించుకోరాదా?” అని మా శ్రీమతి అడిగినప్పుడల్లా, “లేని రోగం తెచ్చుకోమంటావా?” అని కసిరేవారము. ఊరంతా ముక్కూ నోరూ మూసుకొని తిరుగుతున్న రోజులలో, పరాయి గదిలో మాస్కు తీసి, నోరు తెరిచి, అరగంట కూర్చోవలసిన చోటు అది ఒక్కటే గదా!

నిజం చెప్పాలంటే కరోనా మాకు మంచి సాకు దొరికింది. అసలు భయం పాతది. చిన్నతనంలో మత్తు సరిగా ఎక్కకముందే పన్ను పీకించుకొన్న జ్ఞాపకం ఇంకా పోలేదు. రెండు భయాలు ఒకదాని వెనుక ఒకటి దాక్కున్నప్పుడు, ముందున్న దానినే మనం నలుగురికీ చెప్పుకొంటాము.

మా వీధి చివర ఒక తల్లి ఉన్నది. యాభై దాటిన మనిషి, చాలా ఏండ్లుగా షుగరు. ఆమె ఒక సాయంకాలం గేటు బయటనే నిలబడి, “అయ్యగారూ, మీకూ పన్ను నొప్పంట గదా, ఎక్కడ చూపించుకొన్నారు? నాకూ రాత్రిళ్ళు నిద్ర లేదు” అన్నది. “ఎక్కడికీ వెళ్ళలేదమ్మా. ఈ కాలంలో ఎవరు వెళ్తారు? సర్దుకుంటుందిలే” అన్నాము. మేము అన్నది అంతే. అయ్యగారే వెళ్ళలేదు గదా అని ఆమె కూడా ఊరుకొన్నది. ఎవరో చెప్పగా పంటి మీద జిల్లేడు పాలు పోసుకొన్నది. చిగురు కాలి పుండు పడింది.

వారం తరువాత ఆమె నొప్పి దానంతట అదే పోయింది. ఆదివారం మందిరంలో సాక్ష్యం చెప్పింది. మేమూ సంతోషించాము. నాలుగు రోజులకు దవడ క్రింద వాపు వచ్చింది. మరునాటికి జ్వరం వచ్చి, నోరు రెండు వేళ్ళ సందు కూడా తెరుచుకోలేదు, ఉమ్మి మింగలేకపోయింది. అర్ధరాత్రి ఆమె కుమారుడు మా తలుపు తట్టాడు. కారు మాట్లాడి, ఒక చోట నుండి మరొక చోటికి తిరిగి, తెల్లవారేసరికి పెద్ద ఆసుపత్రికి చేర్చాము. కరోనా పరీక్ష చేసి, మెడ దగ్గర కోసి చీము తీశారు. ఎనిమిది రోజులు అక్కడనే ఉన్నది. రెండు గాజులు తాకట్టుకు వెళ్ళినవి. ప్రాణం దక్కింది. మెడ మీద మచ్చ మాత్రం ఇప్పటికీ ఉన్నది. ఆమె మమ్ములను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండునని మేము చాలాసార్లు అనుకొన్నాము.

ఆ సోమవారమే మేము భీమవరం వెళ్ళాము. ముందుగా ఫోను చేస్తే జ్వరం, దగ్గు ఉన్నవా అని అడిగి, గంట చెప్పారు. గుమ్మం దగ్గర నుదుటికి పరికరం పెట్టి జ్వరం చూశారు, చేతులు శుభ్రం చేయించారు. బయట కుర్చీలు రెండే, దూర దూరంగా. లోపల కిటికీలు తెరిచి ఉన్నవి, ఏసీ ఆపివేశారు. డాక్టరమ్మగారు తల నుండి కాళ్ళ వరకు కప్పుకొని, ముఖానికి అద్దం వంటి తొడుగు పెట్టుకొన్నారు. మొదట మందునీళ్ళతో పుక్కిలించమన్నారు. పనిముట్లను ఆవిరి యంత్రంలో 121 డిగ్రీల వేడిలో ఒత్తిడితో ఉడికించి, సంచిలో మూసి ఉంచుతారట. ఆ సంచిని మా ఎదుటనే చింపారు.

ఆమెను మేము అడిగాము, ఆ తల్లి నొప్పి తగ్గిన తరువాత వాపు ఎందుకు వచ్చిందని. “పాస్టర్ గారూ, పుచ్చు లోపలి నరానికి చేరితే సలుపుతుంది. ఆ నరం చచ్చిపోతే సలుపు ఆగుతుంది. జనం నయమైందనుకొంటారు. క్రిములు మాత్రం వేరు చివర దాటి ఎముకలోకి పోతూనే ఉంటాయి. చచ్చిన నరంలోకి రక్తం పోదు గనుక బిళ్ళలు కూడా అక్కడికి చేరవు. పంటికి వైద్యమైనా చేయాలి, పన్ను తీసివేయనైనా తీయాలి” అన్నారు. మేము మూడు వారాలుగా నొప్పి బిళ్ళలు మింగుతున్న సంగతి ఆమెకు అప్పుడు చెప్పాము.

అప్పటి భయం వట్టిది అని మేము అనము. పన్ను తొలిచే యంత్రం నిమిషానికి మూడు నాలుగు లక్షల సార్లు తిరుగుతుంది. ఆ వేడికి నీళ్ళు చల్లితే ఉమ్మితో కలిసి సన్నని తుంపర గదిలోకి లేస్తుంది. అందుకే 2020 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, రోగం ప్రబలిన చోట్ల అత్యవసరం కాని పంటి పనులు వాయిదా వేసుకొనమన్నది. అయితే వాపు, జ్వరం, ఆగని నొప్పి వాయిదా వేయదగినవి కావు. ఈ తేడాను మా వంటి వారు గమనించలేదు. అమెరికాలో ఆ ఏడు జూన్ నెలలో సుమారు 2,200 మంది దంత వైద్యులను విచారించగా, నూటికి ఒక్కరికన్నా తక్కువమందికే కరోనా వచ్చినట్లు తేలింది. రోజంతా నోళ్ళ మీద వంగి పని చేసేవారి సంగతి ఇది. జాగ్రత్త పనిచేస్తుందని అప్పుడు మాకు నమ్మకం కుదిరింది.

2021 మే నెల మీకు జ్ఞాపకమే. కరోనా తగ్గిన షుగరు రోగులకు, ముఖ్యముగా స్టెరాయిడ్ మందులు వాడినవారికి, బ్లాక్ ఫంగస్ అనే తెగులు వచ్చింది. కొందరికి మొదట పై దవడ నొప్పి, పండ్లు కదలడంగానే కనిపించింది. పన్నే గదా అని ఊరుకొన్నవారికి చాలా నష్టం జరిగింది. వెంటనే చూపించుకొన్నవారిలో కొందరు కన్నును, ప్రాణాన్ని దక్కించుకొన్నారు. అటువంటి మహమ్మారి మరల వచ్చినా, రాకపోయినా, దవడ క్రింద వాపు, నోరు తెరుచుకోకపోవడం, మింగలేకపోవడం, ఊపిరి అందకపోవడం కనిపించిన యెడల తెల్లవారే వరకు ఆగకండి.

పై పన్ను పీకితే చూపు పోతుందని మన పల్లెలలో ఇంకా చెప్పుకొంటారు. పంటికి పోయే నరం వేరు, చూపు నరం వేరు. వయసుతో చూపు తగ్గే రోజులలోనే పండ్లూ ఊడుతాయి గనుక ఈ మాట పుట్టి ఉండవచ్చును. వెళ్ళేటప్పుడు షుగరు, బీపీ, గుండె మందులు, రక్తం పలుచబరచే బిళ్ళలు ఏవి వాడుచున్నారో చీటీతో సహా చూపించండి. వాటిని మీ అంతట మీరు మానవద్దు. వారు వద్దని చెబితే తప్ప ఖాళీ కడుపుతో వెళ్ళవద్దు. పాత భయం ఉన్నవారు ముందే చెప్పండి. సిగ్గుపడవలసినది ఏమీ లేదు. మేము చెప్పినప్పుడు డాక్టరమ్మగారు, “నొప్పి అనిపిస్తే ఎడమ చేయి ఎత్తండి, ఆపుతాను” అన్నారు. మేము ఏడుసార్లు ఎత్తాము. ఏడుసార్లూ ఆపారు.

ఆ తల్లికి ఇంకా రెండు పండ్లు పుచ్చి ఉన్నవి. దసరా వెళ్ళిన తరువాత మా శ్రీమతి ఆమెను తోడు తీసుకొని వెళ్ళింది. మేము బయట చెట్టు క్రింద మాస్కుతో కూర్చున్నాము. గంట తరువాత ఆమె బుగ్గ పట్టుకొని బయటకు వచ్చి, మొద్దుబారిన నోటితో, “అయ్యగారూ, నేను రెండుసార్లే ఎత్తాను” అన్నది.