చేతిలో కొమ్మ, ఎదురుగా మంట

2024 ఏప్రిల్ చివర్లో ఉత్తరాఖండ్‌లోని నైనిటాల్ కొండలు తగలబడుతుంటే వైమానిక దళ హెలికాప్టర్ భీమ్‌తాల్ సరస్సులో భారీ బకెట్ ముంచి నీళ్లు మోసుకెళ్లింది. టీవీ కెమెరాలన్నీ ఆకాశం వైపు తిరిగాయి. జూన్ 13న అదే రాష్ట్రంలో, అల్మోరా జిల్లా బిన్సర్ అభయారణ్యంలో మంటలార్పడానికి వెళ్లిన నలుగురు సజీవ దహనమయ్యారు. వారిలో బీట్ అధికారితోపాటు ఒక ఫైర్ వాచర్, ఒక దినకూలీ ఉన్నారు.

నిప్పు ఎక్కడ రాజుకుందో తెలుసుకోవడంలో ఇప్పుడు పెద్దగా లోటు లేదు. ఉపగ్రహాలు పసిగట్టిన మంటల సమాచారాన్ని డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ సెల్‌ఫోన్లకు పంపిస్తోంది. ఆ సందేశం వచ్చాక కొండెక్కేది మాత్రం ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 వరకు సాగే సీజన్‌కు పెట్టుకునే తాత్కాలిక కూలీ. చాలాచోట్ల అతని ఆయుధం దారిలో విరిచిన పచ్చి కొమ్మే.

కొమ్మతో మోకాలెత్తు మంట ఆరుతుంది. కానీ ఎత్తి బాదితే నిప్పురవ్వలు చెదిరి కొత్త మంట లేస్తుంది. పొడవాటి కర్రకు రబ్బరు పట్టీ బిగించిన బీటర్‌ను మంటపై నొక్కి ఈడిస్తే గాలి అందక అది చస్తుంది, మనిషి సెగకు దూరంగా ఉంటాడు. మంటకు మేత లేకుండా చేయడం అంతకన్నా ముఖ్యం. చీర్ పైన్ చెట్ల కింద పరుచుకునే ఎండు ఆకులను ఇనుప పళ్ల దంతెతో లాగేసి, మట్టి బయటపడేలా బాట గీయాలి. వేర్లు అడ్డొస్తే పులాస్కీ కావాలి. ఒకే కామకు ఒకవైపు గొడ్డలి, మరోవైపు బాడిస ఉండే పనిముట్టు అది. 1910లో అమెరికాలోని ఇడాహో అడవులు తగలబడినప్పుడు తన బృందాన్ని గని సొరంగంలోకి తీసుకెళ్లి చాలామందిని కాపాడిన రేంజర్ ఎడ్ పులాస్కీ పేరే దానికి వచ్చింది. వీటిలో ఊరి కమ్మరి, వడ్రంగి కలిసి చేయలేనిది ఏదీ లేదు.

పనిముట్టు ఒక్కటే చాలదు. జ్వాల 4 అడుగులు దాటితే చేతి పనిముట్లతో దానికి ఎదురెళ్లరాదన్నది అమెరికా అటవీ సిబ్బంది పాటించే లెక్క. ఏటవాలులో మంట మనిషికన్నా వేగంగా పైకి పరుగెడుతుంది. మండుతున్న పైన్ కాయలు కిందికి దొర్లి గీసిన బాటను దాటేస్తాయి. ఎప్పుడు వెనుదిరగాలో నేర్పకుండా కొండెక్కించడమంటే ప్రాణాలతో చెలగాటమే.

మేఘమథనం, వరుణ దేవుడు పరిష్కారం కాదని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అటవీ శాఖలో ఖాళీలు నింపాలని ఉత్తరాఖండ్‌ను ఆదేశించింది. నింపిన ప్రతి పోస్టుకూ ఒక బీటర్, ఒక దంతె, నాలుగు రోజుల శిక్షణ జతచేస్తే అయ్యే ఖర్చు హెలికాప్టర్ ఖర్చు ముందు చిల్లరే. హెలికాప్టర్ వచ్చేది మంట పెద్దదయ్యాక. అది చిన్నగా ఉన్నప్పుడు పక్కన ఉండేది ఆ కూలీయే. ఫిబ్రవరి 15 ఏటా వస్తుంది. అడవి అంటుకునేలోపే కమ్మరి కొలిమి రాజుకోవాలి.