బొమ్మను కదిలించే చదువు

డిగ్రీ పూర్తిచేసిన అబ్బాయో, అమ్మాయో 'యానిమేషన్‌లో ఎం.ఏ. చదువుతాను' అనగానే మన ఇళ్ళలో పెద్దలు తౌబా చెప్పుకుంటారు. సినిమా అంటే ఆటపాటలు, అసభ్యత తప్ప మరొకటి వారికి గుర్తురాదు. ఆ భయం నిరాధారమని మేము అనడం లేదు. బొమ్మల విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. సందేహమున్నవారు తమకు నమ్మకమున్న ఆలిమ్‌ను అడగడమే మంచిది. కాని చదువునూ, దాన్ని దుర్వినియోగపరిచేవారినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

సిరియాలోని అలెప్పోలో, అంటే మన ఉర్దూ పుస్తకాల హలబ్‌లో, పుట్టిన ముస్తఫా అక్కాద్ అమెరికా వెళ్ళి సినిమా విద్య అభ్యసించారు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ చదివారు. 1976లో 'ది మెసేజ్' తీసింది ఆయనే. దైవప్రవక్త (స) కాలపు చరిత్ర చెప్పాలి. ఆయన రూపం చూపరాదు, స్వరం వినిపించరాదు. ఇదెలా సాధ్యం? అక్కాద్ కెమెరానే ఆ స్థానంలో నిలిపారు. పాత్రలు దానివైపు చూసి మాట్లాడతాయి, సమాధానం మనకు వినిపించదు. ఈ మర్యాదను పాటించడానికి పనికొచ్చింది ఆయన నేర్చిన విద్యే. ఆ చిత్రంపైనా ఆక్షేపణలు వచ్చాయి. 'హాలోవీన్' వంటి భయానక చిత్రాల నిర్మాణంలోనూ ఆయన ఉండటం మాకు మింగుడుపడని విషయం, అది వేరే సంగతి.

అంత దూరం పోనక్కర లేదు. ఢిల్లీలోని జామియా మిల్లియాలో నాటి వైస్ ఛాన్సలర్ అన్వర్ జమాల్ కిద్వాయ్ 1982లో మాస్ కమ్యూనికేషన్ కేంద్రాన్ని నెలకొల్పారు. విజువల్ ఎఫెక్ట్స్, యానిమేషన్‌లో ఎం.ఏ. కూడా అక్కడ ఉంది. జామియా సీట్లలో 30 శాతం ముస్లింలకు, మరో 10 శాతం ప్రత్యేకించి ముస్లిం మహిళలకు కేటాయించారు. ఈ సంగతి మన పల్లెల్లో, పట్నాల్లో ఎంతమందికి చేరింది?

మా ఆందోళన వేరొకందుకు. వీధికొక బోర్డు కట్టి, పెద్ద మొత్తం ఫీజు వసూలుచేసి, కొన్ని నెలలకు సర్టిఫికెట్ చేతిలో పెట్టే సంస్థలున్నాయి. తల్లి నగలు అమ్మి కట్టిన డబ్బుకు పిల్లవాడు నేర్చేది ఒక సాఫ్ట్‌వేర్ మీటలు నొక్కడం. నాలుగేళ్ళకు ఆ సాఫ్ట్‌వేర్ పాతబడుతుంది. కథ కూర్చడం, శబ్దాన్ని వాడడం, దృశ్యాన్ని ఎక్కడ తుంచాలో తెలియడం పాతబడవు. ఫీజు కట్టకముందే అడగండి: ఇది విశ్వవిద్యాలయం ఇచ్చే డిగ్రీయేనా, లేక మీ సంస్థ కాగితమా?

అమ్మాయి గీసిన బొమ్మల పుస్తకాన్ని కూడా ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఇలాంటి కోర్సుల ఇంటర్వ్యూలలో సాధారణంగా ముందు అడిగేది దానినే.